రూముల గల్లీలో కుదరని కొలత

1962 మార్చిలో నన్ను కరీంనగర్ పట్టణ సర్వేకు వేశారు. సర్వే శాఖలో చేరి అప్పటికి ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ పొలాల్లోనే గడిచాయి. గట్లు, ఒర్రెలు, చెరువు శిఖం భూములు తప్ప ఇళ్ల నడుమ గొలుసు పరిచిన అనుభవం నాకు లేదు. గల్లీలన్నిటికీ ఇంటింటి హద్దులతో నక్షాలు కావాలని పురపాలక సంఘం అడిగితే మా ఇన్‌స్పెక్టర్ ఊరిని ముక్కలు చేసి తలా ఒకటి పంచారు. నా వంతుకు రూముల గల్లీ వచ్చింది.

కాగితాల్లో దాని పేరు రంగ్రేజ్ గల్లీ. రంగ్రేజులంటే నూలుకు రంగు ఎక్కించేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల సాలెవాళ్లు మగ్గాలకు ఎక్కించే నూలు ఒకప్పుడు ఇక్కడే నీలంగానో ఎర్రగానో మారి వెళ్లేదట. ప్రతి ఇంట్లో కాగులు పెట్టుకోవడానికి ఒక పెద్ద హాలు, నూలు ఆరేసుకోవడానికి ఒక పెరడు. అంత పనికి నీళ్లు ఎక్కడివన్న ప్రశ్న మొదట్లో నాకు తట్టలేదు. మిల్లు రంగు నూలు బజారుకు వచ్చాక పని పడిపోయింది. పోలీసు చర్య తర్వాతి రెండు మూడేళ్లలో మిగిలిన కుటుంబాలు కూడా ఇళ్లమ్ముకొని ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోయాయి. హాళ్లు కొన్నాళ్లు ధాన్యం గోదాములుగా ఉన్నాయి. ఊళ్లోకి కాలేజీ వచ్చిన ఏడాది జిల్లా నలుమూలల నుంచీ, గోదావరి అవతలి నుంచీ పిల్లలు ట్రంకు పెట్టెలతో దిగారు. వాళ్లకు అన్నిటికన్నా దగ్గర ఈ గల్లీయే. అప్పటినుంచి జనం నోట అది రూముల గల్లీ అయింది.

అక్కడ ఇళ్లకు నంబర్లతో పనిలేదు. సిరిసిల్ల రూము, మంథని రూము, ఖానాపూర్ రూము అంటే చాలు. ఒక ఊరివాళ్లు చదువు ముగించి పోతూ తమ రూమును తమ ఊరి తమ్ముళ్లకే అప్పజెప్పి పోయేవారు. శనివారం బస్సు టాపు మీద బియ్యం సంచులు, తొక్కు జాడీలు దిగేవి. పొద్దున్నే నలభై యాభై మంది లుంగీలతో గల్లీలో అటూ ఇటూ నడుస్తూ పైకి చదివేవారు. ఒకరిది చరిత్ర, ఒకరిది తర్కం, ఒకరిది ఇంగ్లిషు పద్యం. అన్నీ కలిసి ఒక రొద. గోడలకు ఆనుకొని మాత్రం ఎవరూ నిలబడేవారు కాదు. పదేళ్ల కింద ఆగిపోయిన రంగు ఆ గోడల్లో ఇంకా ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం గోడలు చెమర్చి, ఆనుకున్నవాడి తెల్ల చొక్కా మీద నీలపు మరక దిగేది. ఉతికినా పోయేది కాదు.

మా పని తీరు కొంచెం చెప్పాలి. గొలుసు అంటే అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసు, వంద లింకులు, రెండు చివర్లా ఇత్తడి పిడులు. గల్లీ పొడవునా గొలుసు లైను వేసి, దాని మీదనుంచి ప్రతి ఇంటి మూలకూ టేపుతో అడ్డ కొలత తీసి ఫీల్డ్ బుక్కులో రాస్తాం. నాలుగైదు రోజుల తర్వాత ముఖ్యమైన కొలతలు మళ్లీ తీసి సరిచూస్తాం. ఫీల్డ్ బుక్కులో చెరపడం నిషిద్ధం. తప్పయితే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం చేయాలి. ఈ చివరి నియమాన్ని నేను తూచా తప్పకుండా పాటించాను. తప్పు అక్కడే చేశాను.

గొలుసు రెండో పిడి పట్టేవాడిని చైన్‌మన్ అంటారు. నా చైన్‌మన్ మల్లయ్యకు యాభై దాటాయి. నాకంటే ముందు నలుగురు సర్వేయర్లను చూసినవాడు. అవసరమైతే తప్ప మాట్లాడడు.

సిరిసిల్ల రూము ఉన్న ఇంటి దగ్గర, ఎదురింటి మూలనుంచి దాని ముందు గోడ మూలకు గల్లీ వెడల్పు మొదటిసారి తొమ్మిది అడుగుల నాలుగు అంగుళాలు వచ్చింది. అయిదో రోజు సరిచూస్తే తొమ్మిది అడుగుల అయిదున్నర. టేపు వదులుగా పట్టి ఉంటామనుకున్నాను. మొదటి కొలతకు గీత కొట్టి, రెండోది రాసి సంతకం చేశాను. మా భాషలో దీన్ని సర్దుబాటు అంటారు.

మరో మూడు రోజులకు వేరే పని మీద అదే చోట టేపు పెట్టాల్సి వచ్చింది. తొమ్మిది అడుగుల ఏడు.

గొలుసును తాలూకా కచేరీ ముందు రాతి మీద చెక్కిన ప్రమాణ గుర్తులతో సరిచూశాను. బాగానే ఉంది. కొత్త టేపు తెచ్చాను. అదే ఏడు. మల్లయ్య ఎదురింటి మూల దగ్గర టేపు చివర పట్టుకొని నిలబడి, నా వెనుక ఉన్న ఇంటివైపు చాలాసేపు చూశాడు.

"సారూ, కొలత తప్పు గాదు," అన్నాడు. "గా ఇల్లే మనలను చూసి ఎన్కకు జరుగుతున్నది."

నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. ఒక మేస్త్రీ దగ్గర గుండుదారం అడిగి తెచ్చి ముందు గోడకు చూరు నుంచి వేలాడదీశాను. కింద గోడకు తగిలిన దారం పైన కూడా గోడను తాకాలి. పైన నా నాలుగు వేళ్లు దూరేంత ఎడం ఉంది. గోడ పైభాగం ఇంటి లోపలికి ఒరిగింది. ఎండ నడినెత్తిన ఉంది. గల్లీ నిర్మానుష్యం. గోడకు చెవి ఆనించాను. లోపల ఎక్కడో, దిగువన, గిలక తిరిగినట్టు ఒక కిర్రుమన్న శబ్దం. కాసేపు ఆగి, నీళ్లలో బిందె దించినట్టు బుడుంగుమన్న చప్పుడు. మళ్లీ గిలక. చెవి తీసేసరికి నా చెంప మీద నీలం అంటుకొని ఉంది.

ఆ హాలులో అయిదుగురు ఉండేవారు. పెద్దవాడు గంగారాం. ఖానాపూర్ వైపునుంచి వచ్చి, సిరిసిల్లవాళ్ల నడుమ చోటు దొరికించుకున్నవాడు. నేను లోపలికి వెళ్తే వాళ్లంతా గోడల వెంట చాపలు పరచుకొని చదువుతున్నారు. పరీక్షలు ఇంకో వారంలో ఉన్నాయి. హాలు నడుమ పది అడుగుల మేర ఖాళీ. పెట్టె లేదు, చాప లేదు, పుస్తకం కూడా లేదు. సరిగ్గా నడిమధ్యన నేల మీద పసుపు బొట్టు.

ఇంత ఇరుకులో నడుమ చోటు ఎందుకు వదిలారని అడిగాను. గంగారామే చెప్పాడు.

"గీ ఇంటి అవ్వ పండనియ్యదు సార్. రూము ఇచ్చిననాడే చెప్పింది, నడిమిట్ల ఏం పెట్టొద్దని. సుక్కురారం సుక్కురారం వచ్చి పసుపు పెట్టి పోతది. మా సీనియర్లకు గూడ గట్లనే చెప్పిందట."

"ఎందుకని అడగలేదా?"

"అడిగినం. చదువుకునేటోళ్లకు గవన్ని ఎందుకు బిడ్డా అన్నది."

మూల నుంచి ఇంకో పిల్లవాడు లేచాడు. పేరు రాజేశం, సిరిసిల్ల సాలెవారి కొడుకు, బక్కపలుచటి మనిషి. రెండు నెలలనుంచి మధ్యాహ్నాలు నేల కింద చప్పుడు వినిపిస్తోందన్నాడు. మగ్గం చప్పుడు వింటూ పెరిగాను కాబట్టి ఏ చప్పుడు ఏ కట్టెదో నాకు తెలుస్తుందన్నాడు. "గిది కట్టె చప్పుడే సార్. గని కట్టె కింద నీళ్లున్నయి." మిగతావాళ్లు ఇబ్బందిగా నవ్వారు. తలుపు వారంనుంచి మూసుకోవడం లేదట. కంచంలో చారు ఒక పక్కకే పోతోందట. ఇవన్నీ వాళ్లు నవ్వుకుంటూనే చెప్పారు గాని, చెబుతున్నంతసేపూ ఎవరి కాలూ ఆ ఖాళీ జాగాలోకి రాలేదు.

నేను నేరుగా రికార్డు గదికి పోయాను. నిజాం కాలపు మొహల్లా చిత్తు నక్షా ఒకటి ఉర్దూలో ఉంది. బట్ట మీద అంటించిన కాగితం, మడతల దగ్గర చిరుగులు. గల్లీలో ఆరు ఇళ్లలో ఆరు సున్నాలు. ప్రతి సున్నా పక్కన 'బావ్‌లీ', అంటే బావి, అని చిన్న అక్షరాలు. సిరిసిల్ల రూము ఉన్న ఇంట్లో సున్నా, నేను పసుపు బొట్టు చూసిన చోటే ఉంది.

అదే రోజు పురపాలక కార్యాలయానికి వెళ్లి చెప్పాను. రాసి ఇవ్వండి, ఓవర్సీయర్ క్యాంపునుంచి వచ్చాక చూస్తారన్నారు. మా ఇన్‌స్పెక్టర్ మాట ఇంకా సూటిగా ఉంది. కొలవడం మన పని, ఇళ్లు ఖాళీ చేయించడం మన పని కాదు. ఆయన చెప్పింది నియమం ప్రకారం నిజమే. నేను మరునాడు ఉదయం ఆ ఇంటి యజమానురాలు లచ్చవ్వ దగ్గరికి వెళ్లాను. డెబ్బై ఏళ్ల ముసలామె, పిల్లల్లేని విధవ. పెరట్లో ఒక చిన్న అర్రలో ఉండేది. జ్వరమొచ్చిన పిల్లలకు జావ కాచి పోస్తుందని గల్లీలో పేరు. నేల కింద బావి ఉందా అని అడిగాను. లేదని చెప్పింది. కళ్లలోకి చూడకుండా రెండుసార్లు లేదని చెప్పింది.

అప్పుడు నేను చేసింది నియమాలకు విరుద్ధం. గొలుసు లైనుకు అడ్డంగా ఉన్న వస్తువులు తొలగించాలని ఇంటివాళ్లకు ఇచ్చే అచ్చు నోటీసు మా దగ్గర ఉంటుంది. కొమ్మలకు, కంచెలకు వాడేది. ఆ నోటీసులో హాలు మొత్తం రాసి సంతకం చేసి గంగారాం చేతిలో పెట్టాను. ఒంటిగంట లోపు సామానుతో సహా అందరూ బయట ఉండాలన్నాను. పరీక్షల ముందు ఈ జులుం ఏమిటని గల్లీ పిల్లలంతా పోగయ్యారు. ఒకడు నా మీద కలెక్టరుకు అర్జీ పెడతానన్నాడు. మల్లయ్య మాత్రం గొలుసు లైను గుర్తుకు వాడే జెండా కర్రను గుమ్మం ముందు పాతి, ఎవరితోనూ వాదించకుండా పెట్టెలు మోయడం మొదలుపెట్టాడు.

పిల్లలు గొణుగుతూనే కదిలారు. ఇద్దరు ఒక ఇనుప పెట్టెను పట్టుకొని, దగ్గరి దారని నడుమనుంచి అడుగు వేయబోయారు. పెరటి తలుపు దగ్గరనుంచి ఒక కేక వినబడింది.

"నడుమకెల్లి పోకుండ్రి కొడుకా! గోడ పొంటి నడువుండ్రి!"

లచ్చవ్వ గడప పట్టుకొని నిలబడి ఉంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పిల్లల్ని గోడ వెంటే బయటికి నడిపించి, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాం. అప్పుడు నోరు విప్పింది. ఇల్లమ్మి పోయేనాడు రంగ్రేజు ముసలాయన ఆమె భర్తకు బావి చూపించి, మూస్తే మట్టితో నింపు గాని కట్టెతో కప్పొద్దు అని చెప్పాడట. భర్త వినలేదు. ఎప్పుడైనా అక్కరపడుతుందని టేకు దూలాలు పరిచి, పైన బండలు వేసి, గచ్చు చేయించాడు. మరుసటేడు ఆయన పోయాడు.

"చెప్తె ఎవరుంటరు బిడ్డా ఈ ఇంట్ల? నాకు ఇంకేమున్నది?" అంది. తర్వాత గొంతు తగ్గించి నాతో ఇంకో మాట అంది. "పగటిపూట ఒక్కదాన్నే ఉన్నప్పుడు గిలక చప్పుడు ఇనబడతది సారూ. గిలక ఎన్నడో తీసేసిన్రు. రంగ్రేజోళ్లు ఇంక పని జేస్తనే ఉన్నరు అనుకున్న. పసుపు పెట్టి దండం పెట్టుకున్న, పిల్లలను ఏమనకుండ్రని."

మేమంతా ఆమె మాట వింటున్నాం. రాజేశం లోపలికి ఎప్పుడు పోయాడో ఎవరూ చూడలేదు. హాలు అవతలి గోడ గూటిలో అతని హాల్ టికెట్ ఉంది. అది లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. గోడ వెంటే పోయాడని తర్వాత చెప్పాడు. కాని ఆ పక్క గోడ కిందే బావి ఒర లోపలికి జారి ఉందని ఎవరికీ తెలియదు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. బరువైన మనిషి నిద్రలో ఊపిరి వదిలినట్టు ఒక శబ్దం. గుమ్మంలోంచి దుమ్ము పొగలా వచ్చింది. ఆ దుమ్ము రంగు నీలం. లోపల నేల ఉండాల్సిన చోట నల్లటి గుండ్రం. ముందు గోడ పైభాగంనుంచి రెండు మూడు ఇటుకలు రాలి అందులో పడ్డాయి. అవి నీళ్లను తాకిన చప్పుడు వినడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఏ శబ్దమూ లేదు.

"రాజేశం!" అని గంగారాం అరిచాడు. రెండోసారి అరిస్తే అడుగునుంచి చాలా నెమ్మదిగా, పక్కన ఎవరో నిద్రపోతుంటే లేపకూడదన్నట్టు, ఒక గొంతు వచ్చింది.

"ఉన్న అన్నా. నిలవడి ఉన్న. జర జల్ది చేయుండ్రి."

గల్లీలో అంత పొడుగు తాడు లేదు. మల్లయ్య అప్పటికే గొలుసు విప్పుతున్నాడు. గుమ్మం రాతి గడప గట్టిగానే ఉంది. నేను దాని మీద బోర్లా పడుకొని గొలుసు వదిలాను. లింకులు లెక్కపెడుతూ వదలడం చేతికి అలవాటు. నలభై ఎనిమిదో లింకు దగ్గర కింద ఎవరో పట్టుకున్నట్టు బరువు తెలిసింది. చంకల కింద చుట్టి పిడిని గొలుసులో కొక్కెంలా తగిలించమని అరిచాను. వెనుక గల్లీ పిల్లలు పదిమంది పట్టుకున్నారు. లింకులు గడప మీద ఒక్కొక్కటే కరకరలాడుతూ వస్తుంటే ఏ లింకు తెగుతుందోనని నా ప్రాణం అందులోనే ఉంది. లింకుల నడుమ కడియాలు సాగి నోళ్లు తెరిచాయి గాని తెగలేదు. మొదట రాజేశం చేతులు, తర్వాత తల కనిపించాయి. హాల్ టికెట్ పళ్ల నడుమ ఉంది.

బయట అరుగు మీద పడుకోబెట్టాక మొహం తుడిచారు. ఒళ్లంతా బురద. మోకాళ్లు దోక్కుపోయాయి. పాదాలు మాత్రం చీలమండల దాకా శుభ్రంగా, చిక్కటి నీలంగా ఉన్నాయి. లచ్చవ్వ ఆ పాదాలను చూసి చేతులు జోడించింది.

నీళ్లలో ఎలా నిలబడ్డావని గంగారాం అడిగాడు. రాజేశం చెప్పాడు.

"నాకు ఈత రాదన్నా. మునిగిన. కిందికెల్లి ఎవరో నా కాళ్లు పట్టుకొని పైకి లేపిండ్రు. మీరు గొలుసు ఏసేదాంక భుజం మీద నిలవెట్టుకున్నరు. నేను గొలుసు చుట్టుకున్నంక ఇడిసిపెట్టిండ్రు."

మరుసటి రోజు ఓవర్సీయర్, ఆయన వెంట బావుల పూడిక తీసే ఇద్దరు వచ్చారు. ముందు గోడను కూల్చి, గుండు కట్టిన తాడు దించి లోతు చూశారు. నేను దగ్గరుండి చూశాను. రాజేశం పడిన పక్కన నీటి మట్టంనుంచి అడుగుదాకా నాలుగు నిలువుల లోతు. ఒరలో మెట్టు లేదు, దూలం ఏదీ అడ్డుపడి లేదు. నిలబడటానికి అక్కడ ఏమీ లేదు. గిలక చప్పుడు టేకు దూలాలు బరువుకు ఒరుసుకోవడమని, బిందె చప్పుడు ఒర వెనుక ఇసుక పెళ్లలుగా నీళ్లలో రాలడమని ఓవర్సీయర్ వివరించారు. అది సరైన వివరణే. పాదాల సంగతి ఆయన్ని నేను అడగలేదు.

మిగతా అయిదు సున్నాలనూ పాత నక్షాతో పోల్చి గుర్తులు పెట్టి ఇచ్చాను. రెండింటి మీద పిల్లలు పడుకుంటున్నారు. పురపాలక సంఘం ఆ రూములు ఖాళీ చేయించింది. పరీక్షలయ్యాక ఊళ్లకు పోకుండా ఆగిన పిల్లలు మానేరు వాగు ఇసుక, మట్టి బండ్ల మీద తెచ్చి లచ్చవ్వ బావి నింపారు. తనను తిడతారని ఆమె అర్రలోంచి బయటికి రాలేదు. మూడో రోజు గంగారాం వెళ్లి, "రా అవ్వా, నీ చేత్తోని ఒక తట్ట పొయ్యి," అని పిలుచుకొచ్చాడు. ఆమె మట్టి పోసింది. తర్వాత ఆ జాగాలో రెండు చిన్న అర్రలు లేచాయి. వాటికీ సిరిసిల్ల రూమనే పేరు నిలిచింది. రాజేశం నీలపు పాదాలతోనే పరీక్ష రాసి పాసయ్యాడు. ఆ రంగు వానాకాలం దాకా పోలేదని గంగారాం తర్వాత ఒక కార్డులో రాశాడు.

నాకు రెండు మెమోలు వచ్చాయి. ఒకటి, ప్రభుత్వ గొలుసును పనికిరాకుండా చేసినందుకు. కొలిచి చూస్తే అది దాదాపు రెండు అడుగులు సాగింది. రెండోది, నోటీసును చట్టం చెప్పని పనికి వాడినందుకు. రెంటికీ జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. మందలింపుతో సరిపెట్టారు. అది న్యాయమే.

అసలు తప్పుకు మాత్రం మెమో రాలేదు. అయిదో రోజున ఒకటిన్నర అంగుళం తేడా కనిపించింది. ఆ రోజే ఇల్లు కదులుతోందని కొలత నాకు చెప్పింది. నేను దాన్ని కొట్టేసి, సంతకం చేసి, ఇంకో మూడు రోజులు అయిదుగురిని ఆ నేల మీద కూర్చోనిచ్చాను. తర్వాతి ఇరవై ఆరేళ్ల సర్వీసులో, నా కింద పనిచేసినవాళ్లకు ఒక పద్ధతి పెట్టాను. రెండు కొలతలు కలవకపోతే రెండూ తేదీలతో ఉంచాలి, మూడోది తీయాలి, కారణం దొరికేదాకా ఏదీ కొట్టేయకూడదు. కారణం దొరక్కపోతే, దొరకలేదని రాయాలి. శాఖ నియమాల్లో ఇది లేదు. ఉండాలి.